చెరిపిన పేరు

ఆపెరెట్టా యనగా పాట, మాట, నృత్యము కలసిన వినోదప్రధానమగు సంగీతరూపకము. ఇరువదవ శతాబ్దారంభమున వియన్నాలో ఆ కళకు నూతన జీవము పోసినవాడు ఫ్రాంజ్ లేహార్. ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యములోని కొమారోమ్ పట్టణమున 1870లో సైనిక వాద్యబృంద నాయకుని కుమారుడుగా జన్మించి, తానును ఆ వృత్తినే చేపట్టెను. 1905లో వియన్నాలో ప్రదర్శితమైన 'మెర్రీ విడో' ఆయనకు విశ్వఖ్యాతి నార్జించెను.

1929లో బెర్లినులో ప్రదర్శింపబడిన 'చిరునవ్వుల దేశము' నకు గీతరచన చేసినవారిలో ఫ్రిట్జ్ లోనర్-బేడా ఒకడు. అతడు యూదుడు. 1938లో ఆస్ట్రియా జర్మనీ వశము కాగా నాజీలు అతనిని నిర్బంధించిరి. 1942లో ఆష్విట్జ్‌లో అతని జీవితము ముగిసెను. లేహార్ సంగీతమన్న హిట్లరుకు మిక్కిలి ప్రీతి. కనుక రాగములు మ్రోగుచునే యుండెను. గీతకర్త పేరు మాత్రము ప్రదర్శన పత్రములనుండి తొలగిపోయెను. లేహార్ బహిరంగముగా నోరు విప్పలేదు. ఆయన భార్యయు యూదు వంశజురాలే. ఆ భయమును అర్థము చేసికొనవచ్చును. ఆ మౌనమును మరువరాదు.

అట్లని ఆ సంగీతమును బహిష్కరించుట న్యాయము కాదు. రాగమును మాన్పించినచో కవి మాటయు దానితోడనే మరుగున పడును. నాజీలు కోరినదియు నదియే కదా! ఆ పాటను విద్యార్థులకు వినిపించు ఉపాధ్యాయుడు స్వరకర్త పేరుతోపాటు కవి పేరును గూడ పలుకవలెను. చెరిపిన పేరును మరల వ్రాయుటకు నల్లబల్లకంటె తగిన చోటు లేదు.