మా అమ్మ పేరులో తప్పు లేదు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ ఫోన్ చేశారు. "సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఎలా సంపాదించాలో రాయప్పా, పిల్లోళ్ళకు పనికొస్తుంది" అన్నారు. ఆ సంగతి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎం.సి.ఎ. ముగించి, బెంగళూరులో వెబ్‌సైట్లు తయారుచేసే పనిలో చేరి ఇంకా ఏడాది నిండని నేను చెప్పగలిగింది వేరే ఉంది. మన ఇళ్ళల్లోవాళ్ళ పేర్లను కంప్యూటరు ఎందుకు ఒప్పుకోదో నాకిప్పుడు లోపలి నుంచి తెలిసింది.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా ఉపకారవేతనం దరఖాస్తు "పేరు సరిపోలలేదు" అని వెనక్కి వచ్చింది. మా అమ్మ పేరులో లక్ష్మి ఉంది. ఒక కాగితంలో దాన్ని ఇంగ్లీషులో కె, ఎస్, హెచ్ పెట్టి రాశారు. ఇంకో కార్డులో ఒక్క ఎక్స్‌తో సరిపెట్టారు. రెండూ మేము రాసినవి కావు, కౌంటర్లో కూర్చున్నవాళ్ళు రాసినవి. సరిచేయించడానికి అమ్మ మూడుసార్లు కళ్యాణదుర్గం వచ్చింది. శెనక్కాయ పెరికే కాలం. మూడు రోజుల కూలి పోయింది, బస్సు చార్జీలు అదనం. "నా పేరులో తప్పేముంది నాయనా?" అని బస్టాండులో అడిగింది. నేను డిగ్రీ చదువుతున్నాను, మా ఇంట్లో అంత చదివింది నేనే, అయినా జవాబు చెప్పలేకపోయాను.

ఇప్పుడు చెప్పగలను. 'లక్ష్మి' అంటే మన కంటికి రెండక్షరాలు. కంప్యూటరుకు ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, మళ్ళీ పొల్లు, మ, చివర గుడి. ప్రతిదానికీ యూనికోడ్‌లో ఒక సంఖ్య ఉంది. వెబ్‌సైట్లు మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, ఇంగ్లీషు అక్షరానికి ఒకటే. మన బెళుగుప్పనే చూడండి. ఇంగ్లీషులో 9 అక్షరాలు, 9 బైట్లు. తెలుగులో కూడా 9 సంకేతాలే, కానీ 27 బైట్లు. డేటాబేసులో పేరు గడిని 20 బైట్లకు కొలిచి కట్టినవాడి దగ్గర మన ఊరు పట్టదు. గడి తెలుగు ఎరగని పాత పద్ధతిదైతే పేరుండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు పడతాయి. ఇంగ్లీషులో రాస్తే ఇరవైలోపే ఇముడుతుంది గానీ ళ పోతుంది. మళ్ళీ తెలుగులోకి మార్చమంటే యంత్రం 'బెలుగుప్ప' అంటుంది.

తెలుగు కంప్యూటరుకు కొత్త అనుకోకండి. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉంది. ఇవన్నీ నేను పుట్టకముందు సంగతులు. అయినా 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం ఒక ప్రత్యేకమైన సంకేతాల వరసలో వస్తే ఐఫోన్‌లో మెసేజీల యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ కంపెనీ ఆ నెలలోనే 11.2.6 అనే సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. జ్ఞానంలోని మొదటి అక్షరానికే అంత ఖరీదైన ఫోను ఆగిపోయిందంటే నవ్వొస్తుంది. కానీ అది ఆగింది కాబట్టే ప్రపంచానికి తెలిసింది. మా అమ్మ దరఖాస్తు ఆగితే ఎవరికి తెలిసింది?

ఇక నా తప్పు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రెండో నెలలో ఒక దరఖాస్తు ఫారం నాకు అప్పగించారు. పేరు గడిలో ఇంగ్లీషు 'ఏ' నుంచి 'జెడ్' దాకా ఉన్న అక్షరాలే పడాలని నిబంధన రాసింది నేనే. అందరూ అట్లే రాస్తారు, నేనూ రాసేశాను. పరీక్షించడానికి 'టెస్ట్ టెస్ట్' అని కొట్టి, బాగుందనుకుని ఇంటికి పోయాను. కొన్ని వారాలకు ఒక ఫిర్యాదు వచ్చింది. ఎవరో తెలుగులో పేరు రాశారట, "సరైన పేరు రాయండి" అని ఎర్రక్షరాల్లో వచ్చిందట. ఆ ఎర్రక్షరాలు కూడా నేను రాసినవే. ఆ రోజు భోజనం సహించలేదు.

మార్చుదామని కూర్చున్నాను. 'ఏ భాష అక్షరమైనా సరే' అని నిబంధన మార్చితే చాలనుకున్నాను. ల, క, ష, మ అన్నీ పడ్డాయి. లక్ష్మి మాత్రం పడలేదు! రెండు రోజులు తల బద్దలుకొట్టుకున్నాక తెలిసింది, యూనికోడ్ లెక్కలో గుడి, కొమ్ము, పొల్లు అక్షరాలు కావు, గుర్తులు. గుణింతం, ఒత్తులు లేకుండా మన భాషలో ఎన్ని పేర్లు మిగులుతాయి? గుర్తులను కూడా అనుమతిస్తూ ఒక్క ముక్క చేర్చాను, పని అయింది. మా పని రోజూ ఇంతే. ఒక బ్రౌజరులో సరిగ్గా ఉన్నది ఇంకోదాంట్లో చెదిరిపోతుంది. ఒక్క చుక్క మరిచినందుకు మధ్యాహ్నమంతా పోతుంది.

మెసేజీల సంగతి కూడా ఇంతే. ఒక ఎస్.ఎం.ఎస్.లో ఇంగ్లీషు అయితే 160 అక్షరాలు పడతాయి, తెలుగైతే 70 సంకేతాలే. కాబట్టి తెలుగులో పంపితే ఖర్చు రెండింతలు దాటుతుంది, "ఇంగ్లీషులోనే పంపండి" అంటారు పని ఇచ్చినవాళ్ళు. ఇంటి దగ్గర మా నాయన పంటల బీమా మెసేజీ వస్తే ఫోను పట్టుకుని, ఇంగ్లీషు చదివే పిల్లోడు ఎవరైనా కనిపిస్తాడేమోనని అరుగు మీద కూర్చుంటాడు. మిగిలిన డబ్బు వాళ్ళది, కూర్చునే పని మా నాయనది.

నా అభిప్రాయం ఒకటే. పేదవాళ్ళు నింపే ప్రతి ఫారంలో పేరు ముందు తెలుగులో అడగాలి. ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్క అక్షరం తేడా వచ్చిందని యంత్రం దరఖాస్తును వెనక్కి కొట్టకూడదు, ఒక మనిషి చూడాలి. మోసాలు జరుగుతాయని మా సీనియర్ ఒకాయన అన్నాడు. నిజమే, జరుగుతాయి. కానీ ఎక్స్ బదులు కె, ఎస్, హెచ్ రాసి ఎవడూ మోసం చేయడు.

నేను ఫారం మార్చినందుకు ఎవరూ మెచ్చుకోలేదు, అడ్డూ చెప్పలేదు. పని ఇంకా పూర్తి కాలేదు. దరఖాస్తు రసీదు పీడీఎఫ్‌గా తీస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. (ఈ వ్యాసాన్ని ఫోనులో టైపు చేసి పంపాను. డి.టి.పి. అన్న తన ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతే నన్ను తిట్టుకోవద్దు.) ఆ పని సరిచేయడానికి నాకు మీ సాయం కావాలి. మీ ఇళ్ళల్లో, మీ వీధిలో ఉన్న కష్టమైన పేర్లు, రెండేసి ఒత్తులున్నవి, 'జ్ఞ', 'క్ష్మ', 'ళ్ళ' ఉన్నవి, ఒక కాగితం మీద రాసి వార్డెన్ సార్‌కు ఇవ్వండి. ఉత్త పేర్లు చాలు, ఆధార్ నంబర్లు వద్దు. ఇకనుంచి 'టెస్ట్ టెస్ట్' బదులు వాటినే కొట్టి చూస్తాను.