అన్నదానానికి దాతలున్నారు, వంటామె జీతానికి ఎవరున్నారు?

నాన్న వర్ధంతికో, మనవడి పుట్టినరోజుకో వృద్ధాశ్రమంలో ఒక పూట భోజనం పెట్టించడం మన ఇళ్లలో మామూలైంది. బియ్యానికి, పప్పుకి, మిఠాయికి ఎంతయిందో అడిగి డబ్బు కడతాం. ఆ అన్నం వండినామెకు నెల జీతం ఎంత అని మాత్రం అడగం. గ్రాంట్ రోడ్, కామాటిపుర తెలుగువాళ్లు ఇప్పుడు అడగాల్సింది ఆ మాటే.

కట్టడం పనులకు వచ్చిన తెలుగు కామాటీల వల్లే ఈ పేటకు ఆ పేరు వచ్చింది. తర్వాతి తరాల్లో చాలామంది వసాయి, విరార్, కల్యాణ్ వైపు వెళ్లారు. పాత ఖోలీల్లో పెద్దవాళ్లు మిగిలారు. మ్హాడా పునరాభివృద్ధి పనులతో ఇళ్లు ఖాళీ చేయాల్సి వస్తే, నడవలేని ముసలివాళ్లను ఎక్కడ ఉంచాలన్నది ప్రతి ఇంటి ప్రశ్న అవుతుంది. కొందరికి ఆశ్రమమే దిక్కు కావచ్చు. అటు అక్కడ గరిటె పట్టేవాళ్లలో మన చాళ్ల ఆడవాళ్లూ ఉండవచ్చు. కాబట్టి ఈ విషయం రెండు వైపులా మనదే.

ఆశ్రమంలో హెడ్ కుక్ పని పెళ్లి వంట లాంటిది కాదు. ఒకే పప్పులో షుగర్ ఉన్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, పళ్లు లేనివాళ్లు, మింగలేనివాళ్లు అందరినీ చూసుకోవాలి. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటకూడదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పచ్చడి లేనిదే ముద్ద దిగని మన పెద్దలకు ఆ లెక్కలో వండి, తృప్తిగా తినిపించడం చిన్న నైపుణ్యం కాదు. జొన్న గటక మెత్తగా కాచి మజ్జిగతో ఇవ్వాలని తెలిసిన వంటామె ఉంటే, కంచం పక్కకు నెట్టే ముసలాయన కూడా నాలుగు ముద్దలు తింటాడు. దాతలు పంపిన జిలేబీ ఎవరికి పెట్టకూడదో కూడా ఆమెకే తెలియాలి.

ఇంత బాధ్యత ఉన్నా, ‘ఇది సేవ’ అన్న ఒక్క మాటతో జీతం తగ్గించవచ్చు. చట్టంలోనూ ఆ సందు ఉంది. దాతృత్వ సంస్థలు కూడా ‘పరిశ్రమ’ కిందికి రావచ్చని 1978లో బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో సుప్రీంకోర్టు విశాలంగా నిర్వచించింది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ మాత్రం పూర్తిగానో, ప్రధానంగానో దాతృత్వ సేవ చేసే సంస్థలను ఆ నిర్వచనం నుంచి తప్పించింది. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అంటే పని నుంచి తీసేస్తే వివాదం ఎక్కడ పెట్టుకోవాలన్నదే ట్రస్టు వంటామెకు మొదటి చిక్కు. వేతనాల కోడ్ మాత్రం కనీస వేతనాన్ని కొన్ని పనులకే పరిమితం చేయకుండా విస్తరించింది. ఆడ, మగ తేడాతో జీతం తగ్గించకూడదనీ చెబుతోంది. జీతం దగ్గర పట్టుకోవాల్సిన ఆధారం అదే.

ప్రభుత్వం వైపు చూస్తే, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టం 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మంది పేద వృద్ధులకు చోటు ఉండాలంటుంది. మంచాలు లెక్కపెట్టిన చట్టం వంటగది గురించి అంత వివరంగా మాట్లాడలేదు. ఎంతమందికి ఒక వంటమనిషి, సాయానికి ఎందరు అన్నది రాతలో లేకపోతే, ఆ భారమంతా ఒక్కరి వీపు మీదే పడుతుంది.

మన సంఘాలు చేయగలిగిన పని ఒకటుంది. విరాళం ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగాలి: వంటామెకు నియామక పత్రం ఇచ్చారా? జీతం బ్యాంకులో పడుతోందా? వారానికి ఒక రోజు సెలవు ఉందా? పదిమంది దాతలు కలిసి ఒక పూట మిఠాయికి బదులు ఒక నెల జీతం భరిస్తామంటే, అదీ అన్నదానమే. రేపు మన అమ్మ కంచంలో పడేది ఆమె వండిన ముద్దే.