మేడారంలో నా రెండో పని

మేడారంలో బంగారమంటే బెల్లం. అసలు బంగారం మీద జీఎస్టీ 3 శాతం, విడిగా తూచి అమ్మే బెల్లం మీద సున్నా. ఈ తేడా తెలియని వాళ్లు అక్కడి దుకాణానికి బిల్లింగ్ యాప్ చేస్తే భక్తుడు తన నిలువెత్తు బంగారానికి పన్ను కూడా కట్టాల్సి వస్తుంది!

నేను పగలు హైదరాబాద్‌లో కంపెనీ కోడ్ రాస్తా. రాత్రి తొమ్మిది దాటితే సొంత కాంట్రాక్టు. 2026 జాతర కోసం ఒక బెల్లం వ్యాపారికి సరుకు లెక్క, బిల్లు యాప్ ఒప్పుకున్నా. 40 వేలు, సగం ముందే.

కానీ కోడ్ కంటే ముందు నా ఆఫర్ లెటర్ చదివా. గుర్తుందా, పోటీ కంపెనీలకు పనిచేస్తున్నారని 2022 సెప్టెంబర్‌లో విప్రో 300 మందిని తీసేసింది. మరుసటి నెలే ఇన్ఫోసిస్, ముందే అనుమతి తీసుకుంటే బయటి పని చేసుకోవచ్చంది. అందుకే మేనేజర్‌కీ హెచ్‌ఆర్‌కీ మెయిల్ పెట్టా. "బెల్లం దుకాణమా?" అని మేనేజర్ రెండుసార్లు అడిగాడు. 11 రోజులకు ఓకే వచ్చింది. అది వచ్చేదాకా ఒక్క లైను రాయలేదు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఈ పనికి ముట్టనే లేదు. దాని మీద రాసింది కంపెనీదే అనే షరతు మీ అగ్రిమెంట్‌లో కూడా ఉండొచ్చు, చూసుకోండి.

"తమ్మీ, జాతరల నెట్ రాదు. ఆగిందంటే మళ్ల రెండేండ్లకే" అన్నాడు వ్యాపారి. ఆఫీసులో మా స్ప్రింట్ రెండు వారాలు, తప్పితే వచ్చే స్ప్రింట్‌లో సర్దుకుంటాం. ఇక్కడ తప్పితే 2028. అందుకే యాప్ మొత్తం ఆఫ్‌లైన్‌లో నడిచేలా చేశా, సిగ్నల్ దొరికినప్పుడు లెక్కలు పైకి పంపేలా.

జాతర జనవరి 28 నుంచి 31. బుధ, గురు, శుక్రవారాలు ఆఫీసు రోజులే. మీటింగ్ మధ్యలో దుకాణం ఫోన్ ఎత్తడం నాకు ఇష్టం లేదు, మూడు లీవులు పెట్టేశా. (ఆ లీవుల ఖర్చు కూడా రేటులో కలుపుకోండి, చాలామంది కలపరు.) గురువారం సమ్మక్క చిలకలగుట్ట నుంచి గద్దెకు వచ్చే వేళ ఒక ఫోన్ వేడెక్కి ఆగిపోయింది. 20 నిమిషాలు కాగితం బిల్లులే రాశాం. తర్వాత రెండో ఫోన్‌లో ఎక్కించాం, లెక్క కుదిరింది.

జీతం ఒక్కటే అయితే నాకు ఐటీఆర్-1 సరిపోయేది. ఇలాంటి ఆదాయం కలిస్తే సరిపోదు, 3 గానీ 4 గానీ వేయాలి. మనలాంటి సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాదికి 20 లక్షలు దాటాకే, ఆ బెంగ నాకిప్పట్లో లేదు.

శనివారం అమ్మలు వనప్రవేశం చేశాక మిగతా 20 వేలు ఇచ్చాడు. పైన ఒక బెల్లం ముద్ద. దానికి మాత్రం బిల్లు వేయలేదు.