వాకిలికి పైపూత చాలదు

2023 కార్తీకంలో ఒక సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టి తిరిగొస్తూ మా అత్తమ్మ వాకిట్లో పడిపోయింది. కాలు జారి కాదు. సిమెంటు పూత పొరలుగా లేచిన చోట అంచుకు బొటనవేలు తగులుకుని ముందుకు పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పాక కూడా చాలా రోజులు ఆమె గడప దాటలేదు. "ఎందుకొచ్చిన గొడవ బిడ్డా, ఈడనే కూసుంట" అనేది. పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఆ వాకిట్లో కల్లాపి చల్లి ముగ్గేసిన మనిషి.

ఆ పూత వేయించింది మేమే. డబ్బులిచ్చి మరీ.

మాది బూర్గంపాడు వైపు. ఒక పక్క అడవి, ఒక పక్క గోదావరి. 1986లో భద్రాచలం దగ్గర 75.6 అడుగుల నీళ్ళొచ్చిన సంగతి అత్తమ్మ చెబుతుంటే కథలాగా వినేదాన్ని. 2022 జూలై 16న 71.3 అడుగులు వచ్చినప్పుడు అర్థమైంది అది కథ కాదని. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. మా వాకిట్లో నడుంలోతు నీళ్ళు. నీళ్ళు తీశాక బురద ఎత్తిపోసుకుని చూస్తే, అప్పటికే పదిహేనేళ్ళ నాటి వాకిలి కాంక్రీటు మరీ పాడైంది. పైన సిమెంటు అరిగి కంకర పళ్ళు బయటపెట్టింది. ఊడిస్తే ఇసుక రాలేది. ముగ్గు గీత కంకర మీదికి రాగానే తెగిపోయేది.

సర్కారు ఇచ్చిన వరద సాయం 10,000 రూపాయలకు ఇంకొంత కలిపి దసరా ముందు మేస్త్రీని పిలిచాం. 'పిలిచాం' అనడం మర్యాదకే. మాట్లాడుకున్నది మా ఆయన, మేస్త్రీ. నేను చాయ్ ఇచ్చాను. "చెక్కుడెందుకు సార్, పావంగుళం పూత వేసి పైన సిమెంటు చల్లి నున్నగ చేస్త, అద్దం లెక్కుంటది" అన్నాడు మేస్త్రీ. సరే అన్నాడు మా ఆయన. చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ నాకు ఒక అనుమానం వచ్చింది. గోడకు సున్నం వేసేముందే పాతది గీకుతాం కదా, దీనికి అక్కర్లేదా అని. అడగలేదు. డిగ్రీలో తెలుగు చదివినదానికి సిమెంటు సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. అది నా తప్పు, ఇంకొకరిది కాదు.

సంక్రాంతికి నిజంగానే అద్దంలా ఉంది. ఉగాదికి వెంట్రుకవాసి పగుళ్ళు. మే నెల ఎండలు మీకు తెలియనివి కావు, కొత్తగూడెం చుట్టుపక్కల మనం పెనం మీద బతుకుతాం. వానలు పడేసరికి పూత అప్పడంలా ఉబ్బింది. చీపురు తగిలితే పెచ్చులు లేచేవి. కార్తీకానికి అత్తమ్మ పడింది.

జనవరిలో మా చెల్లి కాన్పు కోసం నేను డెన్వర్ వెళ్ళాల్సి వచ్చింది. అత్తమ్మను తోడికోడలు చూసుకుంటానంటే ధైర్యం చేశాను. కొలరాడోలో రాకీ పర్వతాల పక్కన, సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉన్న ఊరది. వెళ్ళిన రెండోరోజు మంచు ఊడుస్తుంటే చూశాను, చెల్లి ఇంటి ముందు కారు నిలిపే కాంక్రీటు పలకలు అచ్చం మా వాకిలిలాగే పొరలు లేచి, కంకర తేలి ఉన్నాయి. అమెరికాలో కూడానా అని నవ్వొచ్చింది.

అక్కడి కారణం వేరు. పగలు ఎండకు మంచు కరిగి నీళ్ళు కాంక్రీటు రంధ్రాల్లోకి దిగుతాయి. రాత్రి గడ్డకడతాయి. నీళ్ళు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతాయి. ఫ్రీజర్లో పెట్టి మరిచిపోయిన నీళ్ళ సీసా పగిలినట్టు లోపలినుంచి పగలగొడతాయి. ఒక్క చలికాలంలోనే ఎన్నోసార్లు ఇలా జరుగుతుంది. అందుకే చలిదేశాల్లో కాంక్రీటు కలిపేటప్పుడే కంటికి కనపడనంత చిన్న గాలిబుడగలు ఉండేలా మందు కలుపుతారట, ఉబ్బే నీళ్ళకు కాస్త చోటు దొరకాలని. మంచు కరగడానికి చల్లే ఉప్పు పైపొరను ఇంకా త్వరగా తింటుంది. మా మరిది ఆ ఉప్పే గుప్పిళ్ళతో చల్లేవాడు. జారకుండా ఉండటానికైతే ఇసుక చల్లినా చాలని తర్వాత తెలిసింది.

ఆ వేసవిలో వాళ్ళు దాన్ని బాగు చేయించారు. నేను అప్పటికి తిరిగొచ్చేశాను, చెల్లి వీడియో కాల్‌లో చూపించింది. చలిలో ఆ పని చేయరు, కనీసం 10 డిగ్రీల వేడి ఉండాలట, లేకపోతే మందు గట్టిపడదు. పనివాడు రాగానే ఒక ఇనుప గొలుసు తీసి కాంక్రీటు మీద ఈడ్చుకుంటూ తిరిగాడు. గట్టిగా ఉన్నచోట ఒక చప్పుడు, లోపల విడిపోయిన చోట డొల్ల చప్పుడు. డొల్లగా ఉన్న పలకను కోసి తీసేసి కొత్తది పోశాడు. మిగిలినదాన్ని గీకి, నీళ్ళ మిషనుతో కడిగాడు. ఒక రోజంతా దానికే సరిపోయింది. జిగురు మందు కలిసిన సిమెంటు పొడిని నీళ్ళతో కలిపి పరిచి, పచ్చిగా ఉండగానే చీపురు లాగి గీతలు పెట్టడం మర్నాడు కొద్ది గంటల్లో అయిపోయింది.

ఆ గొలుసు చూసి ఫోన్ పెట్టేసి వంటింట్లోంచి రోకలి తెచ్చాను. వాకిలంతా కొట్టుకుంటూ తిరిగాను. మా ఆయన అరుగు మీద కూర్చుని చూస్తూ "పిచ్చి పట్టిందా" అన్నాడు. గేటు పక్కన, కాలువ వైపు మూల కుండలా మోగింది. వరద నీళ్ళు తీసేటప్పుడు అక్కడ కింది మట్టిని కోసుకుపోయాయి. కాంక్రీటు గాలిలో నిలబడి ఉంది. దాని మీద ఎన్ని పూతలు వేసినా ఏం లాభం?

మంచైనా, మా ఎండైనా, పైపూత నిలవాలంటే కింద పట్టు ఉండాలి. డబ్బంతా పైకి కనిపించే నునుపు మీద పెట్టి, కనపడని చెక్కుడు, కడుగుడు, తడుపుడు దగ్గర మిగుల్చుకుంటున్నాం. అది పొదుపు కాదు, రెండుసార్లు ఖర్చు. పూత మీద చల్లే పొడి సిమెంటైతే మరీ దండగ. పైన నూలుపోగుల్లాంటి పగుళ్ళిస్తుంది, తడిస్తే జారుతుంది.

2024 మార్గశిరంలో మళ్ళీ పని పెట్టాం. అక్కడ వేడి కోసం ఆగుతారు, మనం చల్లదనం కోసం ఆగాలి. ఏప్రిల్, మే నెలల్లో పోస్తే నీళ్ళు ఆరిపోయి సిమెంటు గట్టిపడకుండానే ఎండిపోతుంది. ఈసారి వేరే మేస్త్రీ. చాయ్ ఇచ్చి నేనూ కూర్చున్నాను. గేటు మూల పగలగొట్టించి, మట్టి, కంకర నింపి దిమ్మిస కొట్టించి కొత్తగా పోయించాం. మిగతా వాకిలికి పాత పూత పూర్తిగా తీసి, ఉలితో ఒళ్ళంతా గాట్లు పెట్టించాం. దుమ్ము కడిగి రాత్రంతా తడిపి ఉంచాం. పొద్దున నిలిచిన నీళ్ళు తుడిచి, సిమెంటు పాలు పూసి, అది ఆరకముందే సన్న చిప్సుతో రెండంగుళాల కాంక్రీటు. పాత వాకిలి పలకల మధ్య సందు ఉన్నచోటే కొత్తదాంట్లోనూ సందు వదలాలి, లేకపోతే అదే గీతలో పగులుతుంది. వాకిలి రెండంగుళాలు లేస్తుంది కాబట్టి గడప ఎత్తు, కాలువ వైపు వాలు ముందే చూసుకోండి. సగానికి పైగా డొల్ల మోగితే మాత్రం ఇదంతా వద్దు, పగలగొట్టి కొత్తది పోసుకోవడమే మేలు.

ఇక క్యూరింగ్. మన ఇళ్ళల్లో ఈ మాటకు అర్థం, మేస్త్రీ పని అయిపోయింది, ఆడవాళ్ళ పని మొదలైందని. పూటకో బిందె చల్లి చేతులు దులుపుకుంటే కాదది. కాంక్రీటుకు మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 456 మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు 10 రోజులు ఎప్పుడూ తడిగా ఉంచమంటుంది. వేడి, పొడి వాతావరణమైతే అది 10, 14 అవుతుంది. ఇప్పుడు మనం కొనే బస్తాల్లో చాలావరకు బూడిద కలిసినవే. పాల్వంచ కేటీపీఎస్‌లాంటి చోట్ల బొగ్గు కాలగా మిగిలే బూడిద. మంచి సిమెంటే, కానీ నిదానంగా గట్టిపడుతుంది. చలికాలమే అయినా మేం 14 రోజులు పట్టాం. గోనెసంచులు పరిచి తడిపాం. నేను, మా ఆయన, అబ్బాయి వంతులు వేసుకున్నాం. గోడ మీద సుద్దతో పేర్లు రాశాను. మా ఆయన వంతు రెండుసార్లు ఎగ్గొట్టాడు, అదీ రాశాను.

గరుకు వాకిలి కడగడం కష్టమని, ముగ్గు సరిగ్గా రాదని మన ఆడవాళ్ళే అంటారు. నేనూ అన్నదాన్నే. చీపురు గీతల మీద ముగ్గుపిండి ఇంకా బాగా పట్టింది, గాలికి పోలేదు. కడగడానికి ఒక బక్కెట నీళ్ళు ఎక్కువ పడతాయి, నిజమే. వాకిలి అన్న మాటలో 'వాయి', అంటే నోరు ఉందని మా కాలేజీ మాస్టారు చెప్పేవారు. ఇంటికి నోరు లాంటి చోట రోజూ నడిచేది, వంగేది, కడిగేది మనం. అది నున్నగా ఉండాలా గరుకుగా ఉండాలా అని బేరమాడేటప్పుడు పక్కన ఉండాల్సింది కూడా మనమే. సిమెంటు గురించి తెలియకపోయినా సరే, "చెక్కుతారా? ఎన్ని రోజులు తడపాలి?" అని రెండు ప్రశ్నలు అడిగితే మేస్త్రీ జాగ్రత్తపడతాడు.

గోనెసంచులు తీసిన రోజు అత్తమ్మ కర్ర పట్టుకుని గడప దాటింది. చెప్పులు విడిచి, అరికాలితో రుద్ది చూసింది. "గరుకుగున్నది" అంది, ఫిర్యాదు చేస్తున్నట్టే. గేటు దాకా వెళ్ళి వచ్చింది. మర్నాడు పొద్దున నేను పెరట్లో బట్టలు నానబెడుతుంటే వెనక నుంచి కర్ర చప్పుడు వినిపించింది. బట్టలుతికే బండ చుట్టూ గచ్చును ఒక్కో చోట కొట్టి వింటోంది.

"ఈడ గూడ డొల్ల మోగుతున్నది బిడ్డా. రోకలి తే."