ఈమ్ గ్రామ చరిత్ర: త్యాగమా? నిర్బంధమా?

చరిత్ర అనగానే రాజుల జైత్రయాత్రలు, సింహాసనాల తారుమారులు మన స్మృతిపథంలో మెదలుతాయి. ఒక పల్లెకు కూడ చరిత్ర ఉంటుందనీ, అది సామ్రాజ్యాల చరిత్రకన్న తక్కువైనది కాదనీ ఒప్పుకొనేవారు అరుదు. ఆ అపోహను తొలగించుకొనుటకు ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండసీమలో వెలసిన ఈమ్ అను చిన్న పారిష్ ఒక్కటి చాలునని మేము భావిస్తున్నాము.

పారిష్ అనగా ఒక చర్చికి, దాని ఆచార్యునికి చెందిన గ్రామ పరిధి. అయితే అది ప్రార్థనలతో ఆగిపోలేదు. 1538లో ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లోను జ్ఞానస్నానాలు, వివాహాలు, ఖననాలు పుస్తకంలో నమోదు చేయవలెనని ఆజ్ఞాపించాడు. 1601 నాటి చట్టం ఊరిలోని పేదల పోషణభారాన్ని పారిష్‌పైనే మోపింది. 1834లో ఆ భారం పారిష్‌ల సమాఖ్యలకు, 1837లో జనన మరణాల నమోదు ప్రభుత్వానికి మారినవి. 1894 చట్టంతో ఎన్నికైన పారిష్ సభలు ఏర్పడినవి. అనగా శతాబ్దాల తరబడి ఆరాధన, పాలన, ధర్మకార్యం మూడూ ఒకే గుమ్మం ముందు జరిగినవన్నమాట.

ఈమ్ చాల ప్రాచీనమైన ఊరు. అక్కడి చర్చి ఆవరణలోని చెక్కడపు రాతి శిలువ ఆంగ్లో సాక్సన్ల కాలం నాటిది. 1086 నాటి డూమ్స్‌డే భూలెక్కలలో ఈ ఊరి పేరున్నది. సీసపు గనులు, గొఱ్ఱెల పెంపకం అక్కడివారి జీవనాధారాలు. ఇట్టి ఊరిని ప్రపంచానికి ఎరుకపరచినది 1665లో వచ్చిన ప్లేగు.

లండన్ నుండి ఒక దర్జీ ఇంటికి వచ్చిన బట్టల మూటతో వ్యాధి ప్రవేశించినదని ప్రతీతి. ఆ బట్టలు విప్పిన జార్జి వికార్స్ ఆ సెప్టెంబరులో మరణించాడు. చలికాలంలో తగ్గినట్లు తోచిన మహమ్మారి 1666 వేసవిలో విజృంభించింది. అప్పుడు ఆచార్యుడు విలియం మాంపెసన్ మూడు ఏర్పాట్లు ప్రతిపాదించాడు: ఎవరి మృతులను వారే తమ నేలలో పూడ్చుకొనవలెను, చర్చి మూసి ఆరుబయట లోయలో ప్రార్థన జరుపవలెను, ఊరి పొలిమేర ఎవరూ దాటరాదు. పొరుగువారు సరిహద్దు రాళ్లవద్ద ఆహారం పెట్టిపోయేవారు. వెల నాణెములను సిర్కాలో ముంచి ఉంచేవారు. 14 నెలలు సాగిన ఆ విపత్తులో దాదాపు 260 మంది గతించారు. ఎలిజబెత్ హాంకాక్ అను గృహిణి ఎనిమిది దినములలో భర్తను, ఆరుగురు బిడ్డలను తన చేతులతోనే మట్టిలో కలిపినది. మాంపెసన్ సతీమణి కేథరిన్ కూడ ఆగస్టులో కన్నుమూసింది.

ఇంతవరకు కథ లోకవిదితమే. మా విచారణ ఇక్కడినుండి ఆరంభమవుతుంది. ఇది స్వచ్ఛంద త్యాగమా, లేక దారిలేని నిర్బంధమా?

కథను వీరగాథగా తీర్చినవారు తరువాతి రచయితలు. 1742లో ఈమ్‌లోనే జన్మించిన కవయిత్రి అన్నా సీవార్డ్, 1842లో గ్రామచరిత్ర ప్రకటించిన విలియం వుడ్ వారిలో ముఖ్యులు. జనాభా 350 అని పాతకథ చెప్పగా, అది 700 ప్రాంతమని నేటి పరిశోధకుల అంచనా. మాంపెసన్ తన బిడ్డలను ముందే దూరంగా పంపివేశాడు. కలిగినవారిలో కొందరు ముందే వెడలిపోయారు. ఇక పేదల మాట? 1662 నాటి చట్టం ప్రకారం తమకు భారమగునని తోచిన కొత్తవారిని పారిష్ అధికారులు వెనుకకు పంపవచ్చును. మామూలు దినాలలోనే పొరుగూరు తలుపు తెరువనప్పుడు, ప్లేగు ఊరివారికి తెరచునా? కనుక ఈ త్యాగంలో నిర్బంధం పాలు లేదనుట సత్యదూరం.

అయినంతమాత్రాన ఆ మహిమ తరుగునా? తరుగదని మా దృఢాభిప్రాయం. రాత్రివేళ కొండదారిన జారిపోవుటకు ఎవరికైనను వీలున్నది. అయినను అత్యధికులు నిలిచారు. నిలుచుటకు వారికి నమ్మకం కావలసివచ్చింది. మాంపెసన్ 1664లో వచ్చిన కొత్తవాడు. ఊరి హృదయంలో ఉన్నవాడు పూర్వాచార్యుడు థామస్ స్టాన్లీ. ప్రార్థనా విధానంపై రాజ్యం చేసిన 1662 నాటి ఏకరూపతా చట్టానికి తలయొగ్గక అధికారం కోల్పోయినవాడు. పదవి పొందినవాడు, పదవి పోగొట్టుకొన్నవాడు చేయి కలిపిననాడే ఊరు మాట విన్నది. స్టాన్లీ 1670లో ఆ ఊరిలోనే కన్నుమూశాడు. కీర్తి ఎక్కువగా మాంపెసన్‌కే దక్కినను, ఊరు నిలిచినది ఇరువురి వల్ల.

వ్యాధి ఉన్న సీమలోనికి పోవద్దనీ, ఉన్నవారు అక్కడినుండి పారిపోవద్దనీ దైవప్రవక్త ముహమ్మద్ (స) వారు బోధించినట్లు హదీసులు తెలుపుతున్నవి. ఆ మాట విన్న ఖలీఫా ఉమర్ సిరియా పొలిమేరనుండి మరలిపోయారు. సిరియాలోనే ఉన్న సేనాని అబూ ఉబైదా 639 నాటి ప్లేగులో అసువులు బాశారు. వేయేండ్ల అంతరం, వేరు మతం, వేరు భాష, ధర్మం ఒక్కటే. 2020లో మన గడపలు మూసికొన్ననాడు ఆ ధర్మపు బరువు మనకును తెలిసివచ్చినది. నిలువుమని చెప్పుట సులభం. నిలిచినవారికి అన్నం చేర్చుట కష్టం. ఈమ్ పొలిమేర రాళ్లమీది రొట్టెలు లేకున్న ఆ నిలకడ ఎన్నాళ్లు సాగును?

ఈ విచారణ మనకు సాధ్యమగుటకు కారణమేమి? దర్జీ, గని కూలి, పసిబిడ్డ అను భేదం లేక ఖననాల పుస్తకంలో పేర్లు వ్రాయుటయే. ఆ పేర్లు లేనిచో మిగిలేది వీరగాథ మాత్రమే. మనకును కరణాల కవిలెలుండేవి. వాటి ఆధారంగానే మెకెంజీ దొర సహాయకులు, కావలి సోదరులు కైఫియత్తులు సేకరించారు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినది. ఆ పాత దస్త్రాలు ఏ అటకమీద చెదలపాలవుతున్నవో! ఖాజీల నిఖా దస్త్రాలు, ఖబరస్తాన్ లెక్కలు, బడి హాజరుపట్టీలు చిత్తుకాగితాలు కావు. అవి మన పారిష్ పుస్తకాలు. చరిత్ర చదివే విద్యార్థులు సెలవులలో తమ ఊరి దస్త్రం ఒక్కటైనను శుభ్రంగా ప్రతి వ్రాసి కళాశాల గ్రంథాలయానికి చేర్చవలెనని మా విన్నపం. తాతల పేర్లు తెలియని ఊరికి వారి త్యాగం ఎంతో, వారి నిర్బంధం ఎంతో తేల్చుకొనే భాగ్యం ఉండదు.