కాళ్ళకు రాత్రి షిఫ్టు

గత సంచికలో ఇదే శీర్షిక క్రింద బ్యాటరీ గదుల నిర్వహణను గురించి వ్రాశాము. ఈ మారు ట్రాన్స్‌ఫార్మర్ చమురును గురించి వ్రాయాలని సంకల్పించి, నాలుగు పుటలు సిద్ధం చేసుకొని కూడా ప్రక్కన పెట్టాము. పోయిన నెల టౌన్‌షిప్‌లో సాయంకాలపు నడకలో ఒక సహోద్యోగి మమ్మల్ని ఆపి అడిగిన ప్రశ్న అందుకు కారణం. "సార్, మా ఆవిడకు రాత్రుళ్ళు కాళ్ళు ఒకటే పీకులు. అయిదేళ్ళుగా మాత్ర వేసుకుంటోంది. ఇప్పుడది పని చేయడం లేదు. మోతాదు పెంచమని డాక్టరుగారిని అడగమంటారా?" అన్నారాయన. దారిలో నిలబడి సమాధానం చెప్పగలిగిన ప్రశ్న కాదది. ఒకప్పుడు అదే ప్రశ్నను మేమూ అడిగాము. అడిగి, చాలా నష్టపోయాము. మేము ఇంజినీరులమే కాని వైద్యులం కాము. ఇక్కడ వ్రాసేవి మేము అనుభవించినవి, మా వైద్యులు చెప్పగా విన్నవి, చదివి తెలుసుకొన్నవి. మందు మార్చే అధికారం మాత్రం మీ వైద్యులదే.

ఈ వ్యాధిని ఇంగ్లీషు వైద్యంలో రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. పేరు వినగానే నవ్వు వస్తుంది. కాళ్ళు కుదురుగా ఉండకపోవడం కూడా ఒక వ్యాధేనా అని మా అన్నయ్యగారే అన్నారు. అనుభవించేవారికి నవ్వు రాదు. పగలంతా నిక్షేపంగా ఉండే కాళ్ళు, దీపం ఆర్పి పడుకోగానే లోపలి నుండి మొదలుపెడతాయి. నొప్పి కాదు, తిమ్మిరి కాదు, కండరం పట్టేయడం అసలే కాదు. పిక్కల లోపల, ఎముకకు దగ్గరగా ఏదో పాకుతున్నట్లు, లాగుతున్నట్లు ఉంటుంది. కదిలించి తీరాలనే తహతహ పుడుతుంది. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది, పడుకుంటే మళ్ళీ మొదలవుతుంది. సాయంకాలం నుండి పెరిగి, తెల్లవారు జామున కొంత శాంతించడం దీని స్వభావం.

మా అమ్మగారు ప్రతి రాత్రీ మనుమలను పిలిచి కాళ్ళు తొక్కించుకొనేవారు. ఒకరు దిగితే ఒకరు ఎక్కవలసిందే. వయసు మీద పడి అలా అంటున్నారని అందరమూ అనుకొన్నాము. భోజనాల దగ్గర మేము కాళ్ళు ఊపుతుంటే మాత్రం "కాళ్ళు ఊపకురా, దరిద్రం" అని మందలించేది ఆవిడే. ఈ వ్యాధి కుటుంబాలలో తరతరాలుగా వస్తుందని తెలిశాక, ఆ మందలింపు తలపుకు వచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆవిడ వ్యాధికి ఎవరూ పేరు పెట్టలేదు, మందూ ఇవ్వలేదు.

పేరు మాత్రం లోకానికి తెలియనిది కాదు. పదిహేడవ శతాబ్దంలోనే థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు ఈ బాధను వర్ణించాడు. 1945లో స్వీడన్‌కు చెందిన కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ దీనిని సమగ్రంగా పరిశీలించి, ఈనాటి పేరు పెట్టాడు. మెదడులో డోపమిన్ అనే రసాయనం పని చేసే తీరులో లోపం, దాని వెనుక మెదడులోని ఇనుము కొరత, ఈ రెండూ వ్యాధికి మూలమని నేడు ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం. డోపమిన్ వలె పని చేసే రోపినిరోల్‌కు 2005లో, ప్రామిపెక్సోల్‌కు 2006లో అమెరికాలో ఈ వ్యాధికై అనుమతి లభించింది. 2014లో మాకు వ్రాసి ఇచ్చినది ఈ రెండవదే, 0.125 మిల్లీగ్రాముల మాత్ర.

మొదటి రాత్రి మేము ఏడు గంటలు నిద్రపోయాము. మా శ్రీమతి భయపడి రెండు మార్లు లేపి చూసిందట. ఒక చిన్న మాత్ర ఇరవై ఏళ్ళ బాధను ఊదివేసినట్లయింది. అయిదేళ్ళు అలాగే గడిచాయి.

2019 నుండి మాత్ర తెల్లవారు దాకా ఆగడం మానేసింది. మోతాదు 0.25 అయింది, తరువాత 0.5 అయింది. పెంచిన ప్రతి మారూ నాలుగు నెలలు హాయిగా ఉండేది, ఆపైన మునుపటికన్నా అధ్వాన్నం. 2022 నాటికి రోజుకు 1 మిల్లీగ్రాము మింగుతున్నాము. మొదట్లో రాత్రి పదింటికి వచ్చే పీకులు సాయంత్రం ఆరింటికి, తరువాత మధ్యాహ్నం మూడింటికి రాసాగాయి. సమీక్షా సమావేశాలలో కుర్చీలో కూర్చోలేక వెనుక గోడకు ఆనుకొని నిలబడేవారము. చేతులలో కూడా అదే పాకులాట మొదలైంది. ఆ సంవత్సరం విశాఖపట్నం నుండి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళుతూ, విజయవాడ దాటినది మొదలు కాజీపేట వరకు తలుపు దగ్గర నిలబడే ప్రయాణం చేశాము. టికెట్ కలెక్టరుగారు రెండు మార్లు వచ్చి, ఒంట్లో బాగాలేదా అని ఎంతో మర్యాదగా విచారించారు. ఏమని చెప్పాలి?

ఇంకొక సంగతి వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది, అయినా వ్రాయాలి. ఆ రోజులలో నిద్ర పట్టని వేళ ఫోనులో పనిముట్లు కొనడం అలవాటైంది. టార్క్ రెంచీలు మూడు, క్లాంప్ మీటర్లు అయిదు. మా అమ్మాయి ఒకనాడు అట్టపెట్టెలు లెక్కపెట్టి, "నాన్నా, ఇంట్లో ఉన్నవి నాలుగు స్విచ్చిబోర్డులు. అయిదు మీటర్లు ఏం చేసుకుంటావు?" అని అడిగింది. నలభై వేలకు పైగా ఖర్చయినట్లు అప్పుడు తెలిసింది. జూదం, అదుపు లేని కొనుగోళ్ళు, అతిగా తినడం ఈ జాతి మందులకు తెలిసిన దుష్ఫలితాలు. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ కాగితం విప్పి చదవలేదు. ఎంత చిన్న యంత్రం వచ్చినా మాన్యువల్ చదవందే స్విచ్చి వేయని మేము, ఎనిమిదేళ్ళు మింగిన మాత్ర కాగితాన్ని ఒక్కనాడూ చదవలేదు.

2023 ఆరంభంలో హైదరాబాదులో ఒక నాడీవైద్య నిపుణురాలిని కలిశాము. ఆవిడ కాళ్ళు పరీక్షించకముందే ఒక కాగితం ఇచ్చి, ఏ సంవత్సరం ఎంత మోతాదు, ఏ వేళకు బాధ మొదలయ్యేది, ఎక్కడెక్కడ ఉండేది వ్రాయమన్నారు. వ్రాసి చూసుకొంటే మాకే విషయం బోధపడింది. మోతాదు గీత పైకి పోతున్నకొద్దీ, బాధ మొదలయ్యే వేళ ముందుకు జరుగుతూ వచ్చింది. "మీ వ్యాధి ముదరలేదండీ. మందే దాన్ని ముదిరిస్తోంది" అన్నారావిడ. దీనికి ఆగ్మెంటేషన్ అని పేరు. వేళ ముందుకు రావడం, చేతులకు ప్రాకడం, కూర్చున్న కొద్ది నిమిషాలకే మొదలు కావడం, మాత్ర ప్రభావం త్వరగా దిగిపోవడం, ఇవి దాని గుర్తులు. లెవోడోపా వాడిన రోగులలో దీనిని 1996లోనే అమెరికా వైద్యులు ఆలెన్, ఎర్లీ వర్ణించారు. అంటే మేము మొదటి మాత్ర మింగడానికి పద్దెనిమిదేళ్ళు ముందే.

1998లో మేము ప్రొటెక్షన్ విభాగంలో ఉండగా, వర్షాకాలంలో ఒక 6.6 కె.వి. పంపు మోటారు ఎర్త్ ఫాల్టుపై పదే పదే ట్రిప్ అయ్యేది. ఒక కుర్రవాడు రిలే సెట్టింగ్ పెంచి, ట్రిప్పింగు ఆపి, అందరి మెప్పూ పొందాడు. మూడు వారాలకు కేబుల్ బాక్సు కాలిపోయింది. సెట్టింగ్ పెంచేవాడు ఇంజినీరు కాడని ఆనాడు ఆ కుర్రవాడిని నలుగురి ముందు చెడామడా తిట్టాము. మా ఒంటి విషయంలో నాలుగేళ్ళు మేము చేసినదీ అదే. ఇప్పుడు ఎక్కడున్నాడో, ఈ పత్రిక చూస్తే క్షమించవలసినదని కోరుతున్నాము.

ఇంతకూ అసలు ఫాల్టు వెదకడం రక్తపరీక్షతో మొదలైంది. మా హిమోగ్లోబిన్ 14 ఉన్నది, కనుక ఇనుముకు కొరత లేదని అనుకొనేవారము. శరీరంలో నిలవ ఉన్న ఇనుమును తెలిపేది ఫెర్రిటిన్ అట. అది 31 వచ్చింది. పరీక్షశాల కాగితం మీద అది సాధారణమే, గుర్తు కూడా పెట్టలేదు. కాని ఈ వ్యాధి ఉన్నవారికి లెక్క వేరు. ఫెర్రిటిన్ 75 నానోగ్రాములు లేదా అంతకు తక్కువ ఉన్నా, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 20 శాతం కన్నా తక్కువ ఉన్నా పెద్దలకు ఇనుము ఇవ్వాలని నిపుణుల సూచన. 75కు, 100కు మధ్య ఉంటే నరం ద్వారా ఇచ్చేదే సూచిస్తారు. జ్వరం, వాపు ఉన్నప్పుడు ఫెర్రిటిన్ తప్పుగా ఎక్కువ చూపుతుంది కనుక రెండు పరీక్షలూ చేయించాలి. వింత ఏమంటే, నరం ద్వారా ఇనుము ఎక్కించి ఈ వ్యాధిని నయం చేయవచ్చునని స్వీడన్‌లో నోర్డ్‌లాండర్ 1953లోనే ప్రకటించాడు. మాత్రలు వచ్చాక ఆ మాటను లోకం చాలాకాలం ప్రక్కన పెట్టింది.

మగవానికి ఇనుము ఎందుకు తరిగింది? ఆవిడ కడుపులో రక్తస్రావం లేదని పరీక్షలతో నిర్ధారించుకొని, రక్తదానం చేస్తారా అని అడిగారు. సంస్థాపన దినోత్సవం, భద్రతా వారోత్సవం, ఊళ్ళో శిబిరం, ఏదీ విడవకుండా ఏడాదికి మూడు నాలుగు మార్లు ఇచ్చేవారము. సర్టిఫికెట్లు గోడకు వరుసగా ఉన్నాయి. రక్తదానం మానమని ఎవరికీ చెప్పడం లేదు, అది గొప్ప పనే. ఈ వ్యాధి ఉన్నవారు మాత్రం ఫెర్రిటిన్ చూసుకోకుండా చేయి చాపరాదు. మాకు ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఇనుమును ఆసుపత్రిలో నరం ద్వారా ఎక్కించి, తరువాత అరగంట కనిపెట్టుకొని ఉన్నారు. మరునాడే గుణం కనపడుతుందని ఆశించాము. ఆరు వారాలు పట్టింది.

మిగిలినది మాత్ర మానడం. దానిని ఒక్కసారిగా మానరాదు, స్వంతంగా అసలే మానరాదు. ముందు గబాపెంటిన్ మొదలుపెట్టి, దాని మోతాదు కుదిరాక, ప్రామిపెక్సోల్‌ను రెండు వారాలకు 0.125 చొప్పున తగ్గించారు. మొదటి మెట్లు పరవాలేదు. చివరి మెట్టు దిగాక వచ్చిన పది రాత్రులను ఎలా వర్ణించాలో తెలియడం లేదు. రోజుకు గంట నిద్ర, అదీ తునకలుగా. కాళ్ళే కాదు, ఒళ్ళంతా లోపలి నుండి ఎవరో గుంజుతున్నట్లు ఉండేది. మూడవ నాటి రాత్రి పాత మాత్రల డబ్బా కోసం బీరువా అంతా వెదికాము. మా శ్రీమతి దానిని ముందే ప్రక్కింటి పిన్నిగారి వద్ద దాచిందట. "ఏమండీ, తిట్టుకోండి, కొట్టుకోండి, డబ్బా మాత్రం ఇవ్వను" అన్నది. తిట్టుకొన్నాము కూడా.

ఆ పది రాత్రులకు ముందే ఇరవై ఒక్క రోజుల ఆర్జిత సెలవు తీసుకొని, పర్మిట్ల బాధ్యత వేరొకరికి అప్పగించాము. ఈ ఒక్క పని మాత్రం బుద్ధిగా చేశాము. నిద్ర లేని మనిషి ఐసొలేషన్ కాగితం మీద సంతకం పెట్టడం ఎంత ప్రమాదమో మన పాఠకులకు చెప్పనవసరం లేదు. రాత్రుళ్ళు మేడ మీద పచార్లు చేశాము. చన్నీళ్ళలో తడిపిన తువ్వాలు పిక్కలకు చుట్టుకోవడం కొంత మేలు చేసింది, వేడినీళ్ళు మాకు పనికి రాలేదు. కొందరికి వేడినీళ్ళే పడతాయట. అన్నిటికన్నా ఎక్కువ ఊరటనిచ్చింది చదరంగం. బుద్ధి గట్టిగా ఒక పనిలో మునిగితే కాళ్ళు కొంతసేపు మనలను మరచిపోతాయి. మా అమ్మాయి పరీక్షల కోసం మేలుకొని ఉండి, చదువు మధ్యలో రెండేసి ఆటలు ఆడేది. టీవీ చూడడం అందుకు పూర్తిగా విరుద్ధం, కూర్చోబెట్టి కాళ్ళను రెచ్చగొడుతుంది. పదకొండవ రాత్రి నాలుగు గంటలు నిద్ర పట్టింది.

ఆ సమయంలోనే జలుబు చేసి మందుల దుకాణంలో మాత్ర కొని వేసుకొంటే ఆ రాత్రి నరకమైంది. జలుబు మాత్రలలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ వంటివి, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, దిగులుకు ఇచ్చే మందులలో అనేకం ఈ వ్యాధిని రెచ్చగొడతాయి. మా ఆరోగ్య పుస్తకం మొదటి పుటలో ఎర్ర సిరాతో ఈ పేర్లు వ్రాయించుకొన్నాము. దిగులు మందు వాడేవారు ఇది చదివి దానిని హఠాత్తుగా మానకండి, వైద్యులతో మాట్లాడండి.

2025 జనవరిలో అమెరికా నిద్రావైద్య సంఘం వెలువరించిన సూచనలలో, ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటివాటిని మామూలు చికిత్సగా వాడవద్దని చెప్పారు. గబాపెంటిన్, ప్రెగాబలిన్, తగినవారికి నరం ద్వారా ఇనుము ముందు వరుసలోకి వచ్చాయి. వీటికి లొంగని తీవ్ర వ్యాధికి నల్లమందు జాతి మందులను స్వల్ప మోతాదులో, నిపుణుల పర్యవేక్షణలో ఇస్తారు. మోకాలి క్రింద నరాన్ని విద్యుత్తుతో ప్రేరేపించే ఒక సాధనం కూడా ఆ జాబితాలో ఉన్నది. మా విద్యుత్ విభాగం వారు గర్వించదగిన విషయమే, అయితే మేము దానిని వాడి చూడలేదు.

మాకు పూర్తిగా నయమైందని వ్రాస్తే అబద్ధం. వారానికి రెండు రాత్రులు లేచి నడుస్తాము. గబాపెంటిన్ వల్ల ఉదయం కొంచెం మబ్బుగా ఉంటుంది, ఆరు కిలోల బరువు పెరిగాము, ఎత్తైన చోట్లకు ఎక్కడం మానుకొన్నాము. మధ్యాహ్నం తరువాత కాఫీ లేదు. చేతులలో పాకులాట పోయింది. సమావేశాలలో కూర్చుంటున్నాము. మీటర్లలో నాలుగింటిని శిక్షణ కేంద్రానికి ఇచ్చివేశాము.

దారిలో ఆపిన సహోద్యోగికి ఆ రోజు చెప్పినది ఇంతే. మోతాదు పెంచమని అడగకండి, మాత్ర మీరై మానిపించకండి, బాధ ఏ వేళకు మొదలవుతోందో నెలవారీగా వ్రాసి, ఫెర్రిటిన్ చేయించి, రెండు కాగితాలూ వైద్యులకు చూపండి అన్నాము. మొన్న ఆదివారం దంపతులిద్దరూ మా ఇంటికి వచ్చారు. ఫెర్రిటిన్ 19. ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకొని మాట్లాడినంతసేపూ గుమ్మం దగ్గర నిలబడే ఉన్నారు, కూర్చోమని మేమూ బలవంతం చేయలేదు. బుధవారం వారికి హైదరాబాదులో అపాయింట్‌మెంటు ఉన్నది.

ట్రాన్స్‌ఫార్మర్ చమురు వచ్చే సంచికలో.