ఉందానగర్ దగ్గరే తెగిన దారి
యూరప్‌లో నాలుగు రోజులు తిరిగొద్దామని ఊరు ఎంచుకునేవాళ్లకు నా సలహా ఒకటే: ఎయిర్‌పోర్టులోనే రైలు దొరికే ఊరు చూసుకోండి. జ్యూరిక్‌లో స్టేషన్ టెర్మినల్ కిందే ఉంటుంది. పది పన్నెండు నిమిషాల్లో ఊరి నడిబొడ్డున దిగుతాం. కోపెన్‌హాగెన్‌లో అయితే విమానం దిగి రైలెక్కి, వంతెన దాటి స్వీడన్‌లోని మాల్మోకే వెళ్లిపోవచ్చు. ఆ సుఖం మన పాలమూరుకు, అదే మహబూబ్‌నగర్‌కు, అందనంత దూరంలో ఏమీ లేదు, నా బాధంతా అదే. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008లో మొదలైంది. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా వచ్చే రైలు దానికి ఐదారు కిలోమీటర్ల దూరంలోని ఉందానగర్ మీదుగానే పోతుంది. 85 కిలోమీటర్ల సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ డబ్లింగ్ పూర్తయి 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితమైంది, ఉందానగర్ దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది. అక్కణ్నుంచి ఎయిర్‌పోర్టు దాకా ఉన్న ఆ చివరి ముక్కకే రైలు రాలేదు. అందుకే గల్ఫ్ పోయే కొడుకును సాగనంపాలంటే ఇంటిల్లిపాదీ కిరాయి బండి మాట్లాడుకోవాలి. నల్గొండవాళ్లది ఇంకా కష్టం, వాళ్ల రైలు బీబీనగర్ మీదుగా సికింద్రాబాద్‌లో దింపుతుంది, అక్కణ్నుంచి నగరమంతా దాటాలి. చెన్నైలో తిరుసూలం లోకల్ స్టేషన్ ఎయిర్‌పోర్టుకు ఎదురుగానే ఉంది, కాబట్టి ఇది యూరప్‌కే చెల్లిన పని కాదు. కొత్త లైను పడేదాకా ఆగనక్కర్లేదు: ఉందానగర్‌లో ఆగని ఎక్స్‌ప్రెస్‌లను అక్కడ ఆపండి, ప్రతి రైలు వేళకూ పెట్టెలు పెట్టుకునే చోటున్న ఆర్టీసీ బస్సును స్టేషన్ ముందు నిలపండి, అర్ధరాత్రి విమానాలకు వెళ్లేవాళ్లకూ అందేలా.